దొర గుర్రుమనడం మానేశాడు

జూన్ 3, సోమవారం

రైలింజను నడపడం నేర్చుకుంటున్న మా ఇంటి పిల్లకి,

నువ్వు పంపిన పార్సిలు అందింది. టికెట్లు తనిఖీ చేసే ఆయన బుట్టను గుమ్మంలో పెట్టి, "మీ మనవరాలు జాగ్రత్తగా అందజేయమంది మేడం" అన్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చేలోగా మాయమయ్యాడు. మూత తీశాక ఆయన తొందర ఎందుకో అర్థమైంది. బుట్టలో సగం బుట్ట లేదు. దారిలో తినేసింది.

వ్యాగను కింద వణుకుతూ దొరికిందనీ, హాస్టల్లో కుక్కపిల్లల్ని ఉంచనివ్వరనీ, నీ శిక్షణ ముగిసే ఆగస్టు దాకా నా దగ్గర పెట్టుకోమనీ రాశావు. వణుకు సంగతి నాకు తెలియదు. నేను చూసింది తిరగడం ఒక్కటే. తిరిగి తిరిగి పక్కకి ఒరిగి నిద్రపోతుంది, లేచి మళ్ళీ తిరుగుతుంది. బొంగరం అని పేరు పెట్టాను.

దొర బాగానే ఉన్నాడు. నువ్వు పదకొండేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన దొరకి ఇప్పుడు పన్నెండేళ్ళు. కుక్కల లెక్కలో నాకన్నా పెద్దవాడు, అయినా నేనంటే గౌరవం. వెనక కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. బొంగరానికి సరిగ్గా ఆ కాలే కావాలి. పట్టుకుని వేలాడుతుంది. కాలు వదిలితే చెవి.

మొదటిరోజు దొర గుర్రుమన్నాడు, పై పళ్ళు కూడా చూపించాడు. మన ఇంట్లో ఆ పద్ధతి లేదని నీకు తెలుసు. స్కేలు తీసి బల్ల మీద ఒక్కటి వేశాను. రెండోరోజు సగం గుర్రుమని మిగతా సగం మింగేశాడు. మూడోరోజు నుంచి ఆ శబ్దమే లేదు. ముప్ఫై రెండేళ్ళు హెడ్మిస్ట్రెస్‌గా చేసిన చెయ్యి, ఇంకా పనిచేస్తోంది. ముందు గొంతు తగ్గించాలి, తర్వాతే న్యాయం అడగాలి. ఇది నీకూ చెప్పాను, మీ అమ్మకీ చెప్పాను, ఇప్పుడు కుక్కకి చెప్పాను. కుక్కే తొందరగా నేర్చుకుంది.

మీ కేంద్రంలో ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేసి ఆదివారం పది నిమిషాలు చేతికిస్తారట కదా. ఆ పది నిమిషాలూ మనం "వినపడుతోందా" అని అడగడానికే సరిపోతాయి. ఉత్తరమే నయం. ఐదు రోజులు పట్టినా పూర్తి వాక్యాలు చేరతాయి.

వేళకి తిను. ఇంజను కన్నా ముందు నువ్వు నడవాలి.

నీ అమ్మమ్మ


జూన్ 9, ఆదివారం

స్కేలు దించని అమ్మమ్మకి,

నీ ఉత్తరం మా గదిలో నలుగురం కలిసి చదువుకున్నాం. బుట్ట సంగతి వచ్చిన చోట ఒకమ్మాయికి నవ్వి నవ్వి పొలమారింది.

బొంగరం పేరు బాగుంది. దాన్ని వదిలి వస్తుంటే నా చొక్కా చివర పట్టుకుని వదల్లేదు అమ్మమ్మా. నీకు భారమని తెలుసు. కానీ అమ్మ ఎక్కడో దూరాన ఉంది, నాకు ఇంకెవరున్నారు చెప్పు?

ఈ వారం మాకు బ్రేకులు. నిండు గూడ్సు బండిని ఆపాలంటే కిలోమీటరు ముందే మొదలుపెట్టాలట. "ఆగాల్సిన చోట ఆపడం మొదలుపెట్టేవాడు డ్రైవరు కాదు, ముద్దాయి" అంటాడు మా మాస్టారు. నేను మొదటిసారి ప్లాట్‌ఫారం దాటించేశాను. నమూనా బండే కాబట్టి ఎవరూ పోలేదు, నా పరువు తప్ప.

దొర గుర్రుమనడం మానేశాడంటే దాన్ని ఇంట్లో మనిషిగా ఒప్పుకున్నాడన్నమాట. బంగారుకొండ. నువ్వు మరీ మధ్యలోకి వెళ్ళకు. అది ఆటే. పిల్లలన్నాక కరుస్తాయి, పెద్దవాళ్ళన్నాక ఓర్చుకుంటారు. దాన్ని బాగా పరిగెత్తించి అలసిపోనిస్తే అదే పడుకుంటుంది.

దొర చెవి వెనక నా బదులు గోకు. ఎడమ చెవి, కుడిది కాదు.

నీ కూతురి కూతురు


జూన్ 14, శుక్రవారం

అమ్మాయ్,

"బాగా పరిగెత్తించు" అని రాశావు. ఎవరు పరిగెత్తాలి? డెబ్బై నాలుగేళ్ళ నేనా, మూడుకాళ్ళ మీద నడుస్తున్న దొరా? నిన్న వరండాలో పదిసార్లు అటూ ఇటూ తిరిగాను. బొంగరం అలసిపోలేదు. నేను గోడ పట్టుకుని కూర్చున్నాను. అదనంగా నా చీర కుచ్చిళ్ళు పోయాయి.

ఆట అన్నావు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆట అంటే ఇద్దరూ ఆడేది. ఒకరు ఆడి ఇంకొకరు ఓర్చుకునేదాన్ని నేను బళ్ళో వేరే పేరుతో పిలిచేదాన్ని.

ఇక్కడ జరుగుతున్నది సరిగ్గా చెప్తాను, విను. దొర పడుకుంటే బొంగరం దూరం నుంచి పరిగెత్తుకొచ్చి వీపు మీద దూకుతుంది. లేచి నిలబడితే చెంప పట్టుకుంటుంది. నడిస్తే ఆ కాలు. వాడు ఒక్క మాట అనడు. ఇటు తిరుగుతాడు, అటు తిరుగుతాడు, పెదవులు నాక్కుంటాడు, ఆవలిస్తాడు. మొన్నటి నుంచి స్నానాలగదిలోకి వెళ్ళి బకెట్టు వెనక గోడకి ముఖం పెట్టి నిలబడుతున్నాడు. పడుకోడు, నిలబడతాడు. నేను పిలిస్తే తోక ఒకసారి ఊపి మళ్ళీ గోడ చూస్తాడు. మూడు రోజులుగా అన్నం ముట్టలేదు. గుడ్డు ఉడికించి చేతిలో పెట్టాను. మర్యాద కోసం వాసన చూశాడు.

బొంగరాన్ని గదిలో పెట్టి తలుపు వేస్తే ఏడుపు. పై అంతస్తు దర్జీ దిగి వచ్చాడు. "అమ్మగారూ, మీ పిల్ల ఏడుస్తుంటే నా కుట్టు వంకర పోతోందండీ" అన్నాడు. ఆయన కుట్టు ముందు నుంచీ వంకరే, అయినా ఆ మాట అనే ఓపిక లేకపోయింది. గుమ్మానికి అడ్డంగా ఇస్త్రీ బల్ల పెట్టాను. దాన్ని మెట్టులా వాడుకుని ఇవతలికి దూకింది. ఫోను ఛార్జరు తీగ కొరికేసింది, ఫోను చచ్చి నాలుగు రోజులైంది. కొత్తది కొనాలంటే బజారుకి వెళ్ళాలి. నేను బజారుకి వెళ్తే వీళ్ళిద్దరి మధ్య ఎవరుంటారు? అందుకని రెండు గదుల మధ్య కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాను. భోజనం అక్కడే, కునుకు అక్కడే. సరిహద్దు చౌకీలో కూడా మనుషులు మారతారు.

నేను ఫిర్యాదు చెయ్యడం లేదు. నీకు ఇంకెవరూ లేరని నాకు తెలుసు. కానీ దొరకి కూడా నేను తప్ప ఎవరూ లేరు. ఎవరైనా ఈ పిల్లని రెండు నెలలు ఉంచుకుంటారేమో కనుక్కో. తొందరగా కనుక్కో.

అమ్మమ్మ


జూన్ 19, బుధవారం

అమ్మమ్మా,

ఇప్పుడే నీ ఉత్తరం వచ్చింది. క్లాసు ఎగ్గొట్టి రాస్తున్నాను. కోప్పడకు, ముందు చదువు.

మా మెస్సులో వంటాయన ఉన్నాడు. జీవితంలో ఏడు కుక్కల్ని పెంచాడు. నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. గోడకి ముఖం పెట్టి నిలబడుతున్నాడు అన్న దగ్గర, "పెద్దది గుర్రుమనదా?" అని అడిగాడు. "మొదట్లో అనేవాడు, మా అమ్మమ్మ మాన్పించింది" అని గొప్పగా చెప్పాను. ఆయన గరిటె కింద పెట్టేశాడు.

"మాన్పించిందా? కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని, ఇదేనమ్మా అది" అన్నాడు.

అమ్మమ్మా, గుర్రుమనడం పొగరు కాదట. "ఇంక చాలు" అని చెప్పడమట. ఆ పిల్లని తల్లి దగ్గర్నుంచి మరీ తొందరగా విడదీశారు. ఎంత కొరికితే ఆట, ఎంత కొరికితే నొప్పి అన్నది దానికి చెప్పినవాళ్ళు లేరు. చెప్పాల్సింది దొర. వాడి నోరు మనం కట్టేశాం. మనం అంటున్నాను, ఎందుకంటే మానేశాడని రాస్తే నేను కూడా బంగారుకొండ అన్నాను. చెప్పే దారి లేని కుక్క ముందు నక్కుతుంది, తర్వాత తిండి మానేస్తుంది, ఆ తర్వాత ఒకరోజు చప్పుడు లేకుండా కరుస్తుంది అన్నాడు ఆయన.

కాబట్టి ఈ ఉత్తరం చేతికి రాగానే స్కేలు ఎక్కడైనా పారెయ్యి. దొర గుర్రుమంటే అననీ. అననిచ్చి ఊరుకుంటే సరిపోదు, వెంటనే నువ్వు బొంగరాన్ని ఎత్తి అవతలికి తీసుకెళ్ళు. దొరని కాదు, బొంగరాన్ని. ఆ మాటకి విలువుందని ఇద్దరికీ తెలియాలట. కాసేపు ఉంచి మళ్ళీ తీసుకురా. మళ్ళీ మీద పడితే మళ్ళీ ఎత్తు. దొరకి అది రాలేని చోటు ఒకటి ఉండాలి, స్నానాలగది కాదు.

పిల్లని ఉంచుకునేవాళ్ళు ఎవరూ దొరకలేదు. అవసరమైతే నేనే వచ్చేస్తాను. మధ్యలో వెళ్తే మళ్ళీ చేర్చుకోరు, పోనీ.

ఐదు రోజులు ఎలా ఆగాలో తెలియడం లేదు.

నీ పిల్ల


జూన్ 20, గురువారం

చిట్టితల్లీ,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నిన్న మధ్యాహ్నం దొర బొంగరాన్ని కరిచాడు. నేను కుర్చీలోనే ఉన్నాను, కళ్ళు తెరిచే ఉన్నాను. అది స్నానాలగది గుమ్మం దాకా వచ్చి వాడి కాలు పట్టుకుంది. దొర తల తిప్పాడు. అంతే. మరుక్షణం దాని చెవీ చెంపా వాడి నోట్లో ఉన్నాయి. గోడ మీద రక్తం నా భుజం ఎత్తున పడింది. నేను అరిచానని దర్జీ అంటున్నాడు, నాకు గుర్తులేదు. ఆయనే బొంగరాన్ని తువ్వాలులో చుట్టి, మా ఇద్దరినీ ఆటోలో పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. తొమ్మిది కుట్లు. కన్ను దక్కింది. చెవి చివర ముక్క దక్కలేదు. బతుకుతుంది, భయపడకు.

డాక్టరు మా బళ్ళో చదివినవాడే. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. కుట్లు వేశాక కాగితం ముందు పెట్టుకుని అడిగాడు. "కరిచేముందు గుర్రుమన్నాడా మేడం?"

"లేదు."

"పళ్ళు చూపించాడా?"

"లేదు. చిన్న శబ్దం కూడా లేదు."

"బాగా గుర్తు చేసుకోండి."

"నేను ఎదురుగానే కూర్చున్నాను" అన్నాను.

"మీరు చెప్పాక ఇంక అడిగేదేముంది" అని రాసుకున్నాడు. కలం మూసి నెమ్మదిగా చెప్పాడు. హెచ్చరిక లేకుండా కరిచే కుక్కని నమ్మడానికి లేదట. మెట్ల మీద పిల్లలు తిరుగుతుంటారు, రేపు ఎవరి ముఖమో అవుతుంది. వయసైంది, తిండి మానేసింది, కాలు బాధ పెడుతోంది. "నిద్రపుచ్చడమే దయ మేడం. ఆలోచించుకోండి."

ఆలోచించాను. పిల్ల నీది. నమ్మి నా ఇంటికి పంపావు. నా ఇంట్లో, నా కళ్ళ ముందు, నా కుక్క దాన్ని చంపబోయింది. నాది కాబట్టి తప్పు తక్కువ చేసి చెప్పడం నాకు చేతకాదు. మీ అమ్మకీ ఎప్పుడూ చెయ్యలేదు. సోమవారం పదకొండు గంటలకి రమ్మన్నాడు. కాగితం మీద సంతకం పెట్టాను.

ఇప్పుడు దొర నా పాదాల దగ్గర ఉన్నాడు. వారం తర్వాత స్నానాలగదిలోంచి ఇవతలికి వచ్చాడు. బొంగరం అటువైపు గదిలో మూలుగుతుంటే చెవులు నిక్కబెట్టి వింటున్నాడు. వాడికి సోమవారం అంటే ఏమిటో తెలియదు. నాకు తెలుసు. ఇద్దరిలో ఒకరికి తెలియడమే చాలా ఎక్కువగా ఉంది.

ఎడమ చెవి వెనక గోకాను. నీ బదులు.

అమ్మమ్మ


జూన్ 25, మంగళవారం

అమ్మమ్మా,

నీ ఉత్తరం ఇవాళ అందింది. సోమవారం నిన్ననే అయిపోయింది.

ఆఫీసులో బతిమాలి ఫోను తీసుకున్నాను. పదిహేడుసార్లు చేశాను. నీ ఫోను చచ్చిందని నువ్వే రాశావు, అయినా చేశాను. దర్జీ నంబరు నా దగ్గర లేదు. నేను పందొమ్మిదిన రాసింది ఎప్పుడు అందింది? పదకొండుకి ముందా, తర్వాతా? నిజం చెప్పు.

నీకు కోపం వస్తుంది. రానీ. డాక్టరు గుర్రుమన్నాడా అని అడిగితే లేదన్నావు. అది నిజమే. ఎందుకు లేదో చెప్పావా? స్కేలు సంగతి చెప్పావా? అడిగినంతే చెప్పావు. ప్రశ్నాపత్రంలో ఉన్నదానికే జవాబు రాయాలని మాకు నేర్పింది నువ్వే కదా. వాడు హెచ్చరించని కుక్క కాదు అమ్మమ్మా. హెచ్చరిస్తే దెబ్బ పడుతుందని నేర్చుకున్న కుక్క. నేర్పింది నువ్వు. తప్పు నీది. శిక్ష వాడికని సంతకం పెట్టి, దానికి న్యాయం అని పేరు పెట్టావు.

నేను కూడా నీ బల్ల ముందు పెరిగినదాన్నే. కోపం వచ్చినప్పుడు స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని నిలబడేదాన్ని. నువ్వు అందరికీ "మా పిల్ల బుద్ధిమంతురాలు, ఎదురు చెప్పదు" అనేదానివి. నేను ఎన్నిసార్లు కరవబోయానో నీకు తెలియదు.

వాడు ఉన్నాడో లేడో ఒక్క ముక్క రాయి. ఇంకేమీ రాయకు.


జూలై 2, మంగళవారం

ఎదురు చెప్పిన నా మనవరాలికి,

వాడు ఉన్నాడు. సోమవారమే ఆ ఒక్క ముక్కా కార్డు మీద రాసి డబ్బాలో వేశాను, కానీ అది నీకు చేరేసరికి శనివారమై ఉంటుంది. అన్ని రోజులు నీకు ఆ బాధ పెట్టింది నేనే.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి నా మీద గొంతు పెంచావు. అక్షరదోషాలు లేవు. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు లేచి నిలబడి చదివాను.

అడిగావు కాబట్టి చెప్తాను. నీ పందొమ్మిదో తారీఖు ఉత్తరం సోమవారం మధ్యాహ్నం టపాలో వచ్చింది. మేము పదకొండుకే వెళ్ళాం. నీ ఉత్తరం వాణ్ణి కాపాడలేదు. నేను కూడా కాపాడలేదు. జరిగింది ఇది.

డాక్టరు బల్ల మీదికి దొరని దర్జీ ఎత్తాడు. డాక్టరు సూది సిద్ధం చేసుకుని, నరం కోసం వెనక కుడికాలు పట్టుకుని లాగాడు. దొర గొంతు కదిలింది. పెదవి ఒకపక్క లేచింది. అప్పుడు వాడు తల తిప్పి నా చేతి వంక చూశాడు. ముఖం వంక కాదు, చేతి వంక. నా చేతిలో గొడుగుంది. పెదవి దిగిపోయింది. మింగేశాడు.

ఆ చూపు నాకు తెలుసు. ముప్ఫై రెండేళ్ళు వరుసలు వరుసలుగా చూశాను. నోటిదాకా వచ్చిన మాట చెప్పాలా వద్దా అని నా చేతిని అడిగే చూపు. క్రమశిక్షణ అనుకునేదాన్ని.

"ఆగు" అన్నాను. "నేను తప్పుడు సాక్ష్యం చెప్పాను."

డాక్టరు సూది పట్టుకునే నిలబడ్డాడు. స్కేలు సంగతి చెప్పాను. మొదటిరోజు, రెండోరోజు, మూడోరోజు, అన్నీ. చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. చేసిన పని చిన్నదే.

"నాకు ముందే తట్టాల్సింది మేడం" అన్నాడు వాడు, నన్ను చూడకుండా. "మీ క్లాసులో నాలుగేళ్ళు నేను చూసింది కూడా మీ చెయ్యే."

దర్జీ కిటికీలోంచి బయటికి చూశాడు. ఆయన మంచి మనిషి. కుట్టు మాత్రం వంకరే.

ఆ సూది పక్కన పెట్టి, నొప్పి తగ్గడానికి ఇంకోటి వేశాడు. తుంటి ఎముక అరిగిపోయిందట, బొంగరం పళ్ళు పడుతున్నది దాని మీదేనట. మాత్రలూ, పూతమందూ ఇచ్చాడు. కానీ కాగితం చించలేదు. "ఒకసారి కరిచిన నోరు మేడం. మళ్ళీ గుర్రుమనడం మొదలుపెడితే నేను నమ్ముతాను. పది రోజులు చూద్దాం. లేకపోతే గురువారం తీసుకురావాల్సిందే" అన్నాడు. నేను నేర్పిన ఖచ్చితత్వం.

ఈ ఎనిమిది రోజులు ఎలా గడిచాయో నీకు రాయలేను. గుర్రుమనమని కుక్కకి ఎలా చెప్పాలి? మీ వంటాయన అది చెప్పలేదు. కుట్లు గోక్కోకుండా డాక్టరు మెడకి పెట్టిన ప్లాస్టిక్ గరాటుతో బొంగరం, లౌడ్‌స్పీకరులా, మళ్ళీ దొర చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. తొమ్మిది కుట్లు కూడా దానికి బుద్ధి చెప్పలేదు. అది మీద పడిన ప్రతిసారీ నడుం పట్టుకునే లేచి దాన్ని ఎత్తి అవతల పెట్టాను. ఒక్కరోజులో నలభై ఒక్కసారి. దొర చూస్తూ ఉండేవాడు. ఒక్క శబ్దం లేదు. తలుపు వేసి, నేల మీద కూర్చుని, నేనే గుర్రుమని చూపించాను. ఈ మాట మీ గదిలో నలుగురికీ చదివి వినిపించకు. దొర సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. శనివారం, ఆదివారం, సోమవారం. ఏమీ లేదు. గురువారానికి ఆటో మాట్లాడమని నిన్న సాయంత్రం దర్జీకి చెప్పాను. చెప్పి ఇంట్లోకి వచ్చి నీ ఉత్తరం చదివాను.

ఇవాళ పొద్దున తుంటికి పూతమందు పూస్తున్నాను. ఆలోచన ఎక్కడో ఉంది. చెయ్యి గట్టిగా పడింది.

ముందు నా వేళ్ళకి తెలిసింది, చెవికి తర్వాత తెలిసింది. పొట్టలోంచి బయల్దేరి గొంతుదాకా వచ్చింది. దొర తల తిప్పి నా ముఖం వంక చూస్తూ, పెదవి ఎత్తి, పూర్తిగా గుర్రుమన్నాడు. నా మీద.

చెయ్యి తీసేశాను. "సరే" అన్నాను.

వాడు ఇంకా చూస్తూనే ఉన్నాడు, నేను నిజంగానే తీశానా అని. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని కూర్చున్నాను, బళ్ళో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు. బొంగరం గుమ్మంలో ఒక కాలు ఎత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. కాసేపయ్యాక ఆ కాలు కింద పెట్టి, అక్కడే, దూరంగా, కూర్చుంది.

నువ్వు వచ్చెయ్యకు. ఆ ఇంజను నేర్చుకునే రా. ఆగస్టు దాకా వీళ్ళిద్దరినీ చూసుకోవడం కష్టమే, గుర్రుమన్నంత మాత్రాన అన్నీ సర్దుకోవు. ప్రతిసారీ లేవాలి. లేస్తాను. కుళాయి తిప్పుకుని నిలబడిన రోజుల సంగతి నాకు రాయి. ఒకటీ వదలకుండా రాయి. మీ అమ్మ దగ్గర కూడా అలాంటివి ఉండే ఉంటాయి, అడగడానికి ధైర్యం కూడగట్టుకుంటున్నాను. నువ్వు ఐదు రోజుల దూరంలో ఉన్నావు, ఇక్కడ బల్ల మీద ఏం కొట్టినా అక్కడికి వినపడదు.

ఇంక ఉంటాను. పూతమందు ఇంకా సగం మిగిలింది. ఈసారి వాణ్ణి అడిగి పూస్తాను.

అమ్మమ్మ